ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్

ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ (డిసెంబరు 18, 1890 - జనవరి 31, 1954) అమెరికాకు చెందిన విద్యుత్ ఇంజనీరు, రేడియో పరిశోధకుడు. విస్తృత శ్రేణి ఎఫ్.ఎం. ప్రసార విధానాన్ని రూపొందించిన వ్యక్తిగా ప్రసిద్ధి పొందాడు. సభలలోను, రంగస్థలం పైన ఉపయోగించే అనలాగ్ కార్డులెస్ మైకులకు ఈయన ఆవిష్కరణలే ఆధారం.

బాల్యం, విద్యాభ్యాసం

ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూయార్క్ నగరంలో జన్మించాడు. బాల్యం యాంకర్స్ పట్టణంలో గడిచింది. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడయ్యాడు. విద్యార్థిగా ఉండగానే, 1912లో, రీజెనరేటివ్ సర్క్యూట్‌ను రూపొందించాడు. వాక్యూమ్ ట్యూబు నుండి వెలువడే సంకేతంలో కొంత భాగాన్ని తిరిగి దానికే అందించి, బలహీనమైన సంకేతాలను అనేక రెట్లు పెంచడం ఇందులోని సూత్రం.

ఆవిష్కరణలు

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైనికాధికారిగా పారిస్‌లో ఉన్నప్పుడు, 1918లో, సూపర్‌హెటిరోడైన్ రిసీవరును రూపొందించాడు. అందిన తరంగపు పౌనఃపున్యాన్ని ఒక స్థిరమైన తక్కువ పౌనఃపున్యానికి మార్చి, ఆ తరువాత బలపరచడం దీని విశేషం. 1933లో ఎఫ్.ఎం. విధానానికి పేటెంట్లు లభించాయి.

కార్డులెస్ మైకులో వినియోగం

మైకులోని చిన్న ట్రాన్స్‌మిటరు, మాటలకు అనుగుణంగా రేడియో తరంగపు పౌనఃపున్యాన్ని స్వల్పంగా హెచ్చించి తగ్గిస్తుంది. మెరుపులు, విద్యుత్ యంత్రాలు కలిగించే అలజడి ప్రధానంగా తరంగపు కంపన పరిమితిని మారుస్తుంది. రిసీవరు ఆ మార్పులను తొలగించి, పౌనఃపున్యంలోని మార్పును మాత్రమే శబ్దంగా మార్చుతుంది. అందువలన మాట స్పష్టంగా వినిపిస్తుంది. ఈ రిసీవర్లు సాధారణంగా సూపర్‌హెటిరోడైన్ పద్ధతిలోనే పనిచేస్తాయి.

వివాదాలు, మరణం

రీజెనరేటివ్ సర్క్యూట్ హక్కుల వ్యాజ్యంలో 1934లో అమెరికా సుప్రీంకోర్టు లీ డి ఫారెస్ట్ పక్షాన తీర్పునిచ్చింది. దానితో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆ ఆవిష్కరణకు 1917లో రేడియో ఇంజనీర్ల సంస్థ తనకిచ్చిన గౌరవ పతకాన్ని తిరిగి ఇవ్వబోయాడు. సంస్థ దానిని స్వీకరించక, ఆవిష్కర్త ఆయనే అన్న తన అభిప్రాయాన్ని పునరుద్ఘాటించింది.

1945లో ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఎఫ్.ఎం. ప్రసారాలను 88-108 మెగాహెర్ట్జ్ శ్రేణికి మార్చగా, అప్పటికే అమ్ముడైన రిసీవర్లు నిరుపయోగమయ్యాయి. తన పేటెంట్ల ఉల్లంఘనపై 1948లో ఆర్.సి.ఎ. సంస్థపై దావా వేశాడు. ఏళ్ళ తరబడి సాగిన వ్యాజ్యం ఆయన ధనాన్ని, మనశ్శాంతిని హరించింది. 1954 జనవరి 31న న్యూయార్క్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు.

భార్య మేరియన్ వ్యాజ్యాలను కొనసాగించింది. అదే సంవత్సరం ఆర్.సి.ఎ.తో రాజీ కుదిరింది. 1967లో మోటరోలాపై గెలుపుతో ఎఫ్.ఎం. పేటెంట్ల పోరాటం ముగిసింది. జీవితకాలంలో దక్కని న్యాయం, మరణించిన 13 సంవత్సరాలకు సంపూర్ణమైంది.