సర్ ఫ్రాంక్ విటిల్

శ్రీముఖలింగమున వంశధార గట్టుపై నిలిచి చూచువారికి, ఆకాశము నిర్మలముగా నున్న దినములలో ఒక్కొక్కప్పుడు దేవాలయ శిఖరములకు ఎంతో ఎత్తున సన్నని తెల్లని చార కనబడును. అది జెట్ విమానము విడిచిన జాడ. ఆకాశమున అంత సులభముగా సాగిపోవు ఆ విమానపు ఇంజను తనంతట తాను మేల్కొనజాలదు. వేరొక శక్తి దానిని త్రిప్పి లేపవలెను. అట్లు లేపు సమయమున రవ్వంత ఏమరుపాటు కలిగినను అది ప్రాణములకు ముప్పు తెచ్చును. ఈ సత్యమును మొదట అనుభవము వలన తెలిసికొనిన వారిలో ఒకడు ఫ్రాంక్ విటిల్.

విటిల్ 1907వ సంవత్సరము జూన్ 1వ తేదీన ఇంగ్లండు దేశమందలి కవెంట్రీ పట్టణమున జన్మించెను. తండ్రి మోజెస్ విటిల్ యంత్రముల పనియందు నేర్పరి. ఫ్రాంక్ బాలుడై యుండగా ఆయన లెమింగ్టన్ పట్టణమున ఒక చిన్న కర్మాగారమును కొనెను. బాలుడు తండ్రికి తోడుగా పనిచేయుచు యంత్రముల మర్మములు గ్రహించెను. తీరిక వేళలను పట్టణ గ్రంథాలయమున గడపి, ఆవిరి యంత్రములను గూర్చియు, విమానములను గూర్చియు గ్రంథములు చదివెను.

పదునైదేండ్ల ప్రాయమున ఆతడు వైమానిక దళమున చేరగోరి పరీక్షలో కృతార్థుడయ్యెను. కాని పొట్టివాడనియు, ఛాతీ కొలత చాలదనియు వైద్యులు త్రిప్పి పంపిరి. విటిల్ పట్టుదలతో వ్యాయామము చేసి మూడంగుళములు పెరిగెను. అయినను రెండవసారియు తిరస్కారమే ఎదురయ్యెను. మరల ప్రయత్నింపగా 1923లో ప్రవేశము లభించెను. మూడేండ్లకు, ప్రతిభను గుర్తించి అధికారులు ఆతనిని క్రాన్‌వెల్ కళాశాలకు ఎంపిక చేసిరి. అచ్చట ఆతడు గొప్ప విమాన చోదకుడయ్యెను.

ఆ కాలపు విమానములు ప్రొపెల్లరు బలముచే ఎగురుచుండెను. ఎత్తునకు పోయిన కొలది గాలి పలుచబడుటచే వాని వేగమునకు హద్దు ఏర్పడుచుండెను. ఆ హద్దును దాటు ఉపాయము 1929లో విటిల్‌నకు స్ఫురించెను. మన గ్రామములలో కమ్మరి తిత్తి నూది కొలిమిలోని నిప్పును రగుల్చును గదా! జెట్ ఇంజనులో ఆ తిత్తి పనిని వేగముగా తిరుగు ఒక చక్రము చేయును. అది గాలిని పీల్చి, అదిమి, దహనపాత్రలోనికి త్రోయును. అచ్చట ఇంధనము మండును. వేడెక్కి ఉబ్బిన వాయువు వెనుకకు దూకుచు, దారిలో టర్బైను అను మరియొక చక్రమును త్రిప్పును. టర్బైను మొదటి చక్రమును త్రిప్పును. వాయువు వెనుకకు చిమ్మబడగా విమానము ముందునకు సాగును.

ఇందులో ఒక చిక్కు కలదు. నిప్పు మండినగాని చక్రము తిరుగదు. చక్రము తిరిగినగాని నిప్పునకు గాలి అందదు. కావున మొదట మరియొక మోటారు చక్రమును త్రిప్పవలెను. తగిన వేగము వచ్చిన పిమ్మటనే ఇంధనము విడిచి నిప్పు ముట్టింపవలెను.

విటిల్ తన ఆలోచనను ప్రభుత్వ నిపుణులకు విన్నవించెను. వారు అది సాధ్యము కాదనిరి. 1930 జనవరిలో ఆతడు పేటెంటు హక్కునకు దరఖాస్తు చేసెను. 1935లో ఆ హక్కును కొనసాగించుటకు ఐదు పౌనులు చెల్లింపవలసి వచ్చెను. ఆ స్వల్ప ధనమైనను ఆతనికి సమకూడలేదు, ప్రభుత్వమును ఈయలేదు. హక్కు చేజారెను. అయినను మిత్రుల తోడ్పాటుతో 1936లో పవర్ జెట్స్ అను సంస్థ ఏర్పడెను. ఆ యేడే ఆతడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను.

1937 ఏప్రిల్ 12వ తేదీ వచ్చెను. రగ్బీ పట్టణపు కర్మాగారమున తొలి ఇంజనును పరీక్షింప సమకట్టిరి. విద్యుత్ మోటారు దానిని త్రిప్పెను. నిమిషమునకు వేయి చుట్లు తిరుగగా చిన్న మంట ముట్టించిరి. రెండువేలు దాటిన పిమ్మట విటిల్ ఇంధనపు మర త్రిప్పెను. క్షణములో ఇంజను భీకరముగా కేకలు వేయుచు వేగము పుంజుకొనెను. దహనపాత్ర అక్కడక్కడ ఎఱ్ఱగా కాలెను. చుట్టునున్నవారు పరుగు లంకించుకొనిరి. విటిల్ కదలక మరను బిగించి ఇంధనము ఆపెను. అయినను వేగము తగ్గక ఎనిమిదివేల చుట్ల వరకు పెరిగి, ఆపైన మెల్లగా తగ్గెను. మరునాడును అట్లే జరిగెను.

ఇంధనము ఆపినను ఇంజను ఆగకుండుటకు కారణమేమి? విటిల్ దానిని అదృష్టమునకు విడువలేదు, వెదకి కనుగొనెను. ప్రారంభమునకు ముందే ఇంధనము కారి దహనపాత్ర అడుగున మడుగు కట్టుచుండెను. మర కట్టినను ఆ మడుగు మండుచునే యుండెను. పంపు స్టవ్వులో కిరసనాయిలు కారి నిలిచియుండగా నిప్పు పెట్టినచో మంట భగ్గుమని లేచుటయు ఇట్టిదే. కారణము తెలియగానే, నిలిచిన ఇంధనము బయటికి పోవుటకు గొట్టము అమర్చిరి. 

ఆనాటి పాఠము నేటికిని చెల్లుచున్నది. ఇంజను అంటుకొనకపోయినచో వెంటనే మరల నిప్పు పెట్టరాదు. ఇంధనము ఆపి, లోన నిలిచినది కారిపోనిచ్చి, ఇంజనును వట్టి గాలితో త్రిప్పి శుభ్రపరుపవలెను. యుద్ధవిమానమును ప్రారంభించునపుడు నేలపై పనిచేయు సిబ్బంది చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టుదురు. విద్యుత్తును గాని, అదిమిన గాలిని గాని అందించు బండిని చేర్చుదురు. ముందరి గాలిద్వారము రాళ్ళను, మనుష్యులను సైతము పీల్చగలదు. వెనుక వేడిగాలి దహింపగలదు. కావున నేలను ఊడ్చి, ఆ రెండు చోట్లను ఎవరిని నిలువనీయరు. చెవులకు మూతలు ధరించి, అగ్నిమాపక సాధనముతో ఒకరు సిద్ధముగా నుందురు. మ్రోతలో మాట వినబడదు గనుక చేతి సైగలతో చోదకునితో సంభాషింతురు.

1941 మే 15వ తేదీన క్రాన్‌వెల్‌లో విటిల్ ఇంజను గల విమానము 17 నిమిషములు ఎగిరెను. జర్మనీ దేశమున ఓహైన్ అను యువకుడు వేరుగా కృషి చేయగా, ఆతని ఇంజనుతో 1939లోనే ఒక విమానము ఎగిరియుండెను. 1948లో భారత వైమానిక దళమునకు వచ్చిన వాంపైర్ విమానము విటిల్ మార్గమునే అనుసరించిన ఇంజను గలది. సికిందరాబాదు చెంత హకీంపేటలో మన యువకులు ఆ విమానములపై జెట్ శిక్షణ పొందిరి. నేడు విశాఖపట్టణమున డేగ యను నౌకాదళ విమాన కేంద్రము కలదు.

1948లో విటిల్‌నకు సర్ బిరుదము, లక్ష పౌనుల బహుమానము లభించెను. అధికశ్రమచే ఆరోగ్యము చెడగా ఆతడు ఆ యేడే దళము విడిచెను. తరువాత అమెరికాలో నివసించి, 1996 ఆగస్టులో దివంగతుడయ్యెను. అందరు పరుగెత్తిన వేళ నిలిచినందుకు విటిల్ ధైర్యశాలియే. అంతకంటె, ఆ ప్రమాదమునకు మూలము వెదకి, పిమ్మట వచ్చువారికి అది కలుగకుండ చేసినందుకు ఆతడు మిక్కిలి పూజ్యుడు.