మెకంజీ దొర – మన ఊళ్ల పెద్దలు

దాదా పేరు అందరం చెప్తాం. దాదాకు దాదా ఎవరంటే కమలాపురంలో ఎన్ని ఇళ్లల్లో జవాబొస్తుంది? పెట్టెలోని షజరా చెదలు తినకముందే చూసుకుంటే మేలు.

ఈ పిచ్చి బాగా పట్టినవాడు కాలిన్ మెకంజీ. స్కాట్లండులోని స్టోర్నవే ఊరివాడు. అక్కడి నేపియర్ ప్రభువు, లాగరిథంలు కనిపెట్టిన తమ పూర్వీకుడు జాన్ నేపియర్ జీవితం రాయబూని, హిందువుల గణితం సంగతులు చూడమని ఇతణ్ణి పెట్టుకున్నాడు. ప్రభువు 1773లో పోయినాడు. పిచ్చి మాత్రం పోలేదు. 1783లో మద్రాసు చేరి, కంపెనీ సైన్యంలో ఇంజనీరై, సర్వే చేస్తూనే ఊరూరి చరిత్ర రాయించినాడు. దొరకు తెలుగు రాదు. కావలి బొర్రయ్య, ఆయన 1803లో చనిపోయినాక తమ్ముడు లక్ష్మయ్య, కరణాల కవిలెలు వెతికించినారు. అవే కైఫియత్తులు. మాట మన ఇళ్లల్లోదే! 1800లో నిజాం నుంచి కంపెనీకి పోయిన మన సీమ ఊళ్లవీ అందులో ఉన్నాయి. పాలెగాళ్లు, నవాబులు, ఇనాములు దండిగా కనిపిస్తాయి గానీ, కూలినాలి జనం పేర్లు తక్కువే.

మెకంజీ 1821 మే 8న కలకత్తా దగ్గర చనిపోయినాడు. ఆ సేకరణకు కంపెనీ ఆయన భార్యకు లక్ష రూపాయలిచ్చింది. కడప జిల్లా కైఫియత్తులను కడపలోని బ్రౌన్ పరిశోధన కేంద్రం అచ్చువేసింది.