ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్

మన కళాశాలలో ఉర్దూ చదివేవారూ, తెలుగు చదివేవారూ ఒకే ఆవరణలో విద్య నేర్చుకుంటున్నారు. ఈ ఉభయులకూ సమానంగా చెందవలసిన ఒక పేరును ఈ సంచికలో స్మరించాలని మేము తలపెట్టాము. తరగతిలో షోయబుల్లాఖాన్ ఎవరని ప్రశ్నిస్తే ఒకరిద్దరు చేతులెత్తుతారు. వారు కూడా రజాకార్లు చంపిన పత్రికా సంపాదకుడని చెప్పి ఊరుకుంటారు. ఒక మనిషి మరణం మాత్రమే జ్ఞాపకముండి, ఆయన జీవితం మరుగున పడిపోవడం విచారకరం. ఆయన ఏ హక్కు కోసం కలం పట్టారో తెలియనిదే ఆ మరణానికి అర్థం కూడా తెలియదు.

నాటి హైదరాబాదు సంస్థానంలో 1941 జనాభా లెక్కల ప్రకారం కోటీ అరవై లక్షలకు పైగా ప్రజలుండేవారు. వారిలో ఏ ఒక్కరికీ రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు అంటూ ఒకటి లేదు. నిజాం ప్రభువు ఫర్మానే శాసనం. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తరువు మూలంగా ముందుగా సర్కారు అనుమతి లేకుండా సభ జరుపుకోవడానికి వీలు లేకపోయింది. గస్తీ అంటే అధికారులకు తిరిగే ఆజ్ఞాపత్రం. శాసనసభ చర్చించి చేసిన చట్టం కాదు, ఒక కాగితం మాత్రమే. ఆ కాగితమే ఒక తరం నోరు కట్టివేసింది. 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభ కూడా ఇటువంటి ఆంక్షల నడుమనే జరిగింది. 1938లో స్టేట్ కాంగ్రెసు పుట్టకముందే నిషేధానికి గురి అయింది. ఆ నిషేధం తొలగడానికి 1946 దాకా వేచి ఉండవలసి వచ్చింది. సంస్థానంలో పౌరహక్కుల పోరాటమంటే మాట్లాడే హక్కు కోసం, గుమిగూడే హక్కు కోసం, అచ్చువేసే హక్కు కోసం జరిగిన పోరాటమే అని గ్రహించాలి.

షోయబుల్లాఖాన్ 1920లో నేటి మహబూబాబాద్ ప్రాంతంలోని సుబ్రవేడులో జన్మించారు. ఆ పట్టణాన్ని మనవారు మానుకోట అనే పిలుస్తారు. తండ్రి హబీబుల్లాఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. కుమారుడు జన్మించిన నాళ్ళలోనే మానుకోట స్టేషను మీదుగా వెళుతున్న గాంధీజీని ఆయన దర్శించారనీ, బిడ్డ ముఖంలో ఆ పోలికలు చూచి ముద్దుగా గాంధీ అని కూడా పిలిచేవారనీ చెప్పుకుంటారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడైన ఈ యువకునికి సర్కారీ కొలువు దుర్లభమేమీ కాదు. ఉర్దూ ధారాళంగా వ్రాయగల ముస్లిం పట్టభద్రునికి ఆనాడు దఫ్తరు తలుపులు తెరిచే ఉండేవి. ఆయన ఆ వైపు పోలేదు. తేజ్ పత్రికలో చేరారు. అది సర్కారు ఆగ్రహానికి గురి అయిన పిదప మందుముల నరసింగరావుగారి రయ్యత్‌లో ప్రవేశించారు.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు సాగుతాము. రయ్యత్ ఉర్దూ పత్రిక. దాని సంపాదకుడు తెలుగువాడు. బూర్గుల రామకృష్ణారావుగారు కూడా ఉర్దూ, ఫారసీ సాహిత్యాలలో ఆరితేరినవారే. ఉర్దూ ఒక మతస్థుల సొత్తు అని గాని, తెలుగు మరొక మతస్థుల సొత్తు అని గాని భావించేవారు ఆ పత్రికా కార్యాలయపు గడప తొక్కి ఉంటే తమ అభిప్రాయం మార్చుకొని ఉండేవారు. నిరంకుశత్వాన్ని సమర్థించిన ఉర్దూ ఉన్నది, దానిని ఎదిరించిన ఉర్దూ కూడా ఉన్నది.

రయ్యత్ కూడా నిలిచిపోయిన తరువాత షోయబుల్లాఖాన్ సొంత దినపత్రిక స్థాపించడానికి పూనుకున్నారు. ఇంటిలోని ఆడవారి నగలు అమ్మి పెట్టుబడి కూర్చుకున్నారని ప్రతీతి. బూర్గులవారి అండ కూడా లభించింది. 1947 నవంబరులో కాచిగూడ నుండి ఇమ్రోజ్ వెలువడసాగింది. ఇమ్రోజ్ అంటే నేడు అని అర్థం.

ఆ రోజులు ఎటువంటివో తలచుకుంటే ఆయన సాహసం బోధపడుతుంది. ఆగస్టు 15న భారతదేశం స్వతంత్రమైంది; సంస్థానం వేరుగా నిలిచింది. నవంబరు 29న యథాతథ ఒడంబడిక కుదిరింది. లాతూరు వకీలు కాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్ల దళాలు పల్లెలపై పడి దోపిడీలు, దహనాలు సాగిస్తున్నాయి. పోలీసులు చూచీ చూడనట్లుండేవారు. ఈ స్థితిలో షోయబుల్లాఖాన్ వాదం సూటిగా ఉండేది. చట్టం పేరుతో పాలించే సర్కారు ఒకటి, చట్టం లేకుండా పాలించే గుంపు ఒకటి పక్కపక్కన ఉన్నప్పుడు పౌరునికి రక్షణ ఎవరిస్తారని ఆయన ప్రశ్నించారు. ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం ఏర్పడాలనీ, సంస్థానం భారత యూనియనులో చేరాలనీ వ్రాశారు. ఆయన వ్రాసినది హిందువుల పక్షాన కాదు, ముస్లింలకు వ్యతిరేకంగా అంతకన్నా కాదు. పౌరునిగా వ్రాశారు. రజాకార్లు కాపాడతామన్న ముస్లిం ప్రజలే రేపు రజాకార్ల పాపానికి మూల్యం చెల్లించవలసి వస్తుందన్న భయం ఆ రాతల వెనుక ఉన్నదని మా అభిప్రాయం.

1948 ఆగస్టులో బాఖర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా మొదలైన ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక ప్రకటన చేశారు. రజాకార్లను రద్దు చేయాలని, యూనియనులో చేరాలని వారు నిజామును కోరారు. వీరిలో ఫరీద్ మీర్జా రజాకార్ల అకృత్యాలు సహించలేక తహసీల్దారు పదవినే విడిచినవారు. ఆ ప్రకటనను ఇమ్రోజ్ అచ్చువేసింది. కొద్దిరోజులకే రజ్వీ ఒక బహిరంగ సభలో తమకు వ్యతిరేకంగా వ్రాసే చేతులు తెగిపడతాయని హెచ్చరించాడు. బెదిరింపు ఉత్తరాలు అంతకుముందు నుంచే వస్తున్నాయి. జాగ్రత్తగా ఉండమని మిత్రులు చెప్పారు. పత్రిక ఒక్కరోజు కూడా స్వరం తగ్గించలేదు.

ఆగస్టు 21 అర్ధరాత్రి పని ముగించుకొని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి కాలినడకన ఇంటికి బయలుదేరారు. కార్యాలయానికీ ఇంటికీ మధ్య ఎంతో దూరం లేదు. లింగంపల్లి చౌరస్తా సమీపంలో మాటువేసినవారు తుపాకితో కాల్చారు. పడిపోయిన మనిషి చేతిని నరికారు. అడ్డుపడిన ఇస్మాయిల్ ఖాన్ చేయి కూడా తెగింది. ఆయన ప్రాణం మాత్రం దక్కింది. షోయబుల్లాఖాన్ తెల్లవారకముందే కన్నుమూశారు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. ఇమ్రోజ్ వయస్సు తొమ్మిది నెలలు.

సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, 17న సంస్థానం లొంగిపోయింది. అటుపై జరిగినది కూడా చెప్పకుండా ఈ కథ ముగించడం న్యాయం కాదు. ఆ వారాలలో ఏ నేరమూ ఎరుగని వేలాది ముస్లింలు హతులయ్యారు. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతుల సంఘం మృతుల సంఖ్యను 27 వేల నుండి 40 వేల వరకు అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి వెలుగు చూడలేదు. ఈ రెండు దుఃఖాల నడుమ షోయబుల్లాఖాన్ పేరు ఇరుకున పడింది. సెప్టెంబరు వస్తే ఆయనను తలచుకునే కొందరికి తక్కిన సమాజమంతటినీ నిందించడానికి ఆయన ఒక సాకు. మనవారిలో కొందరికి ఆ పేరు ఎత్తితే పాత గాయం రేగుతుందన్న జంకు. ఇరువురూ ఆయన వ్రాసినదాన్ని చదవరు. మా చిన్నతనంలో ఇంటిలో పెద్దలు ఆ సంవత్సరం ప్రస్తావన రాగానే మాట మార్చడం మేము స్వయంగా ఎరుగుదుము.

1949 నవంబరులో నిజాం ప్రభువు మరొక ఫర్మానా జారీ చేశారు. భారత రాజ్యాంగమే ఇకపై హైదరాబాదు రాజ్యాంగమని అందులో ప్రకటించారు. 1950 జనవరి 26న ఆయన రాజప్రముఖులయ్యారు. భావప్రకటన స్వాతంత్ర్యాన్ని ప్రసాదించే 19వ అధికరణం ఆ రోజునే కాచిగూడ వీధులకు కూడా వర్తించింది. అప్పటికి షోయబుల్లాఖాన్ మరణించి పదిహేడు నెలలు గడిచాయి.