వజ్రం ఊపు లెక్కపెట్టిన భగవంతం గారు

మా మామ బొగ్గు బాయిలో పని చేస్తడు. మొన్న డ్యూటీ దిగి, నన్ను చూడ మంచిర్యాల హాస్టల్‌కు వచ్చినప్పుడు ఒక సంగతి చెప్పిండు. బాయిల పైకప్పును కర్రతో తట్టి చూస్తరట. గట్టి కప్పు ఖంగుమంటదట, వదులు కప్పు బోలుగా మోగుతదట. ఒకనాడు మోటారు మోతల మామకు తేడా తెల్వలేదు. మోటారు బంద్ చేయించి, అటూ ఇటూ చోటు మార్చి మళ్లీ తట్టిండు. బోలుగనే మోగింది. అందర్నీ వెనక్కి పిలిచిండు. కొద్దిసేపటికే అక్కడ పెద్ద పెళ్ల ఊడి పడ్డది.

రొదలో నుంచి నిజమైన చప్పుడును ఏరడం ఎంత పెద్ద విద్యో నాకు అప్పుడు తెలిసింది. అదే విద్యను కాంతితో చేసిన మన తెలుగు శాస్త్రవేత్త సూరి భగవంతం గారి జీవితం ఈసారి రాస్తున్నాను.

ఆయన 1909 అక్టోబరు 14న అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో బి.ఎస్సీ. చదివారు. 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ గారి దగ్గర పరిశోధనలో చేరారు. ఆ ఏడు ఫిబ్రవరి 28నే రామన్ ఎఫెక్టు బయటపడింది. మనం సైన్స్ డే జరుపుకునేది అందుకే. అప్పటికి భగవంతం గారికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

రామన్ ఎఫెక్టు అంటే ఏమిటి? ఒకే రంగు కాంతిని ఒక పదార్థం మీద వేస్తే, చెదిరిన కాంతి దాదాపు అంతా అదే రంగులో ఉంటుంది. ఏ కోటిలో ఒక వంతో రంగు కొంచెం మారి వస్తుంది. లోపలి పరమాణువులు ఎంత వేగంగా ఊగితే రంగు అంత ఎక్కువ మారుతుంది. ఆ తేడాను కొలిస్తే వాటి పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతున్నయో తెలుస్తుంది. కాంతి మామ చేతి కర్ర అనుకోండి, పదార్థమే కప్పు.

చెప్పడం సులువే. కానీ ఆ కాంతి చాలా మసక. పాదరస దీపం వెలిగించి ఫోటో ప్లేటును గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఉంచాలి. ప్లేటు మీద దీపం గీతలు, పదార్థం సొంతంగా విడిచే వెలుగు, మరకలు అన్నీ పడతాయి. మరి అసలు గీత ఏది? దానికో ఉపాయం ఉంది. దీపం రంగు మారిస్తే రామన్ గీత కూడా దానితోపాటే జరుగుతుంది, రెంటి పౌనఃపున్యాల తేడా మాత్రం మారదు. పదార్థం సొంత వెలుగు ఉన్నచోటనే ఉంటుంది. మామ చోటు మార్చి తట్టినట్టే ఇదీ.

1930లో భగవంతం గారు వజ్రాన్ని ఇట్ల పరీక్షించారు. వజ్రం కూడా మన బొగ్గులాగా కార్బనే! అందులో ఒక స్పష్టమైన గీత కనిపించింది. లెక్క కడితే పరమాణువులు సెకనుకు సుమారు 40 లక్షల కోట్ల సార్లు ఊగుతున్నట్టు. అదే ఏడు మరికొందరు వేరుగా చూసినా అదే విలువ వచ్చింది. కాబట్టి అది మరక కాదు.

తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. అసలు ఎన్ని గీతల కోసం వెతకాలి? ఇది ముందే తెలిస్తే ఏది అసలో, ఏది నకిలీనో తేల్చడం తేలిక. స్ఫటికంలో పరమాణువుల అమరికను బట్టి ఆ సంఖ్యను గణితంతో చెప్పవచ్చని, టి. వెంకటరాయుడు గారితో కలిసి 1939లో చూపించారు. వజ్రానికి ఆ లెక్క ఒక్కటే వస్తుంది. 1948లో ఇద్దరూ కలిసి దీని మీద పుస్తకం రాశారు.

1952 నుంచి 1957 దాకా ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా, 1962 దాకా బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా ఉన్నారు. రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా కూడా పనిచేశారు. 1989లో చనిపోయారు.

ఒక మాట ఒప్పుకుంటాను, సార్లు కోపం చేయొద్దు. లోలకం ప్రయోగంలో మూడుసార్లు లెక్కపెడితే మూడు రకాల జవాబులు వచ్చినయి. పుస్తకానికి దగ్గరున్నది రికార్డుల రాసి, మిగతావి కొట్టేసిన. మామ కూడా తనకు నచ్చిన చప్పుడే విన్నట్టయితే ఆ రోజు ఏమయ్యేది? ఆ రికార్డు మళ్లీ రాస్తున్నాను. ఈసారి మూడు జవాబులూ ఉంటయి.