నిరంతర సాధకుడు ఫునకోషి గిచిన్

ఏ విద్యకైనా ఆరంభంలో ఉత్సాహం సహజం. కొత్త గురువు, కొత్త పుస్తకం, కొత్త దుస్తులు మనస్సును కొన్నాళ్లు ముందుకు నడిపిస్తాయి. ఆ కొత్తదనం తీరిపోయిన తరువాత నడిపించవలసినది వేరొకటి ఉన్నది. దానిని సంపాదించిన వారే ఏ విద్యలోనైనా పారం ముట్టగలరు.

నేడు మన బాలబాలికలు అనేకులు వేసవి సెలవులలో కరాటే తరగతులలో చేరుతున్నారు. తెల్లని దుస్తులు ధరించి, రంగురంగుల బెల్టుల కోసం ఉవ్విళ్లూరుతున్నారు. బెల్టు చేతికి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, నిరుత్సాహపడి మానివేస్తున్నారు. కాని ఆ విద్యను జపాన్ దేశమంతటికీ పరిచయం చేసి, తద్వారా లోకానికి అందించిన మహనీయుడు దాదాపు నలభై సంవత్సరాలు ఏ బెల్టూ లేకుండానే సాధన చేశారు. ఆయన పేరు ఫునకోషి గిచిన్. వృత్తిచేత ఆయన ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు.

జపాన్‌కు దక్షిణాన సముద్రమధ్యంలో ఉన్న ఒకినావా ద్వీపంలో, షూరి పట్టణంలో, 1868వ సంవత్సరంలో గిచిన్ జన్మించారు. నెలలు నిండకుండా పుట్టిన శిశువు కావడం వల్ల ఎంతో కాలం జీవించడని బంధువులు భావించారు. మాతామహుల ఇంట పెరుగుతూ, తాతగారి వద్ద చీనా ప్రాచీన గ్రంథాలు అభ్యసించారు. వైద్యవిద్యకు ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణులైనారు కాని, ఆ విద్యాలయంలో చేరాలంటే వంశాచారమైన సిగను తీసివేయాలి. కుటుంబం అందుకు సమ్మతించలేదు. ఆ విధంగా వైద్యుడు కావలసిన యువకుడు 1888లో సహాయ ఉపాధ్యాయుడైనారు. విచిత్రమేమంటే, ఆ ఉద్యోగం కోసం ఆయన ఎట్టకేలకు సిగ తీయించుకొనవలసియే వచ్చింది!

బాల్యంలో ఆయన సహాధ్యాయి తండ్రి అజాతో అనే ప్రభువంశీయుడు. ఒకినావాలో కరాటే విద్యలో ఆయన దిట్ట. దుర్బలుడైన గిచిన్ ఆరోగ్యం కోసం ఆయనను ఆశ్రయించారు. ఆ రోజులలో ఆ విద్యను బహిరంగంగా నేర్పేవారు కారు. అందుచేత రాత్రివేళ చేతిలో లాంతరుతో గురువుగారి ఇంటికి నడిచి వెళ్లడం, పెరటిలో అభ్యసించడం, తెల్లవారుజామున తిరిగి రావడం ఆయనకు నిత్యకృత్యమైనది. ఇది చూసి ఇరుగుపొరుగువారు ఆ యువకుడు దురలవాట్లకు లోనయ్యాడని గుసగుసలాడుకొన్నారు. ఆయన సంజాయిషీ చెప్పుకొనలేదు, సాధన మానలేదు.

ఆ సాధన తీరును మన విద్యార్థులు శ్రద్ధగా గమనించవలసి ఉన్నది. కరాటేలో ‘కతా’ అంటే నిర్ణీత క్రమంలో సాగే కదలికల వరుస. ఒకే కతాను నెలల తరబడి, రాత్రి తరువాత రాత్రి, గురువు ఎదుట చేస్తూ ఉండవలసినదే. గురువు సంతృప్తి చెందితే తప్ప తరువాతి పాఠం లేదు. ఆయన మెచ్చుకొనడం బహు అరుదు. ‘టెక్కి’ అనే మూడు కతాలకే గిచిన్‌కు పది సంవత్సరాలు పట్టింది. అజాతోతో పాటు ఇతోసు అనే మరొక మహాగురువు వద్ద కూడా ఆయన శిష్యరికం చేశారు. ఒకసారి తుపాను విరుచుకుపడినప్పుడు, ఇంటి పైకప్పు మీద నిలబడి, చాపను రెండు చేతులా గాలికి ఎదురుగా పట్టుకొని, తన నిలకడను తానే పరీక్షించుకొన్నారు. గాలి విసురుకు బురదలో పడి, మళ్లీ పైకెక్కి నిలబడ్డారు.

పగలు బడి, రాత్రి సాధన. స్వల్పమైన జీతంతో పెద్ద కుటుంబ పోషణ. ఆయన ధర్మపత్ని కూరగాయలు పండించి, బట్టలు నేసి సంసారాన్ని ఈదినది. ఆమె సహకారం లేనిదే ఆ సాధన లేదని చెప్పడం న్యాయం.

సుమారు ముప్పది ఏండ్ల ఉపాధ్యాయ జీవితం ముగిసిన పిమ్మట, 1922లో, 53 ఏండ్ల ప్రాయంలో ఆయన టోక్యో నగరానికి వెళ్లారు. విద్యాశాఖ ఏర్పాటు చేసిన శారీరక విద్యా ప్రదర్శనలో కరాటేను చూపి తిరిగి రావడమే ఉద్దేశం. కాని జూడో విద్యకు ఆద్యుడైన కానో జిగోరో తన కోడోకాన్‌లో ప్రదర్శించమని ఆహ్వానించారు. చిత్రకారుడు కోసుగి హోఆన్ తదితరులు నేర్పమని కోరారు. గిచిన్ టోక్యోలో ఉండిపోయారు.

అక్కడ ఆయనకు లభించినది సింహాసనం కాదు, చీపురు. ఒకినావా విద్యార్థుల వసతిగృహంలో కాపలాదారుగా, తోటమాలిగా పనిచేస్తూ, గదులు ఊడుస్తూ, వారి చదువులశాల ఖాళీగా ఉన్న వేళలలో కరాటే నేర్పారు. వంటవానికి పాఠం చెప్పి భోజనం ఖర్చు తగ్గించుకొన్నారు. ఒకనాడు ఒక పత్రికా విలేఖరి వచ్చి, వాకిలి ఊడుస్తున్న ముసలివానిని కరాటే గురువు ఎక్కడని అడిగాడు. గిచిన్ లోపలికి వెళ్లి, దుస్తులు మార్చుకొని, గురువుగా బయటికి వచ్చి నమస్కరించారు. విలేఖరి నివ్వెరపోయాడు. పని ఏదైనా ఆయన దృష్టిలో చిన్నది కాదు.

1923లో సంభవించిన మహాభూకంపంలో ఆయన మొదటి గ్రంథపు అచ్చుపలకలు నాశనమైనాయి. ఆయన జీవనం కోసం బ్యాంకులో చిన్న పని చేస్తూ 1925లో మళ్లీ పుస్తకం వెలువరించారు. 1924లో కెయో విశ్వవిద్యాలయంలో కరాటే సంఘం ఏర్పడినది. జూడోను అనుసరించి శిష్యులకు నల్ల బెల్టులు ఇవ్వడం ఆయన ఆరంభించినది కూడ ఆ సంవత్సరమే. అప్పటికి ఆయన వయస్సు 55. తరువాత ‘చీనా హస్తం’ అనే అర్థమిచ్చే పాత పేరును ‘రిక్త హస్తం’ అనే అర్థం వచ్చేలా మార్చారు. శిష్యులు కట్టిన సాధనశాలకు ఆయన కలంపేరు మీదుగా షోటోకాన్ అని నామకరణం జరిగినది. షోటో అనగా పైన్ వనాలలో గాలి చేసే తరంగధ్వని.

విధి అంతటితో ఊరకుండలేదు. 1945లో బాంబుదాడిలో ఆ సాధనశాల భస్మమైనది. తన తరువాత విద్యను నిలుపుతాడనుకొన్న కుమారుడు అదే సంవత్సరం క్షయవ్యాధితో మరణించాడు. భార్య 1947లో గతించింది. ఎనుబది ఏండ్లు సమీపించిన ఆ వృద్ధుడు టోక్యోకు తిరిగి వచ్చి మళ్లీ శిష్యుల ఎదుట నిలబడ్డారు. 1949లో శిష్యులు జపాన్ కరాటే సంఘాన్ని స్థాపించి ఆయనను గౌరవ ప్రధానాచార్యునిగా నిలుపుకొన్నారు. 1957 ఏప్రిల్ 26న, 88 ఏండ్ల వయస్సులో ఆయన పరమపదించారు. నెలలు నిండని శిశువు అంత దీర్ఘాయుష్యం పొందడం సాధన ఫలమేనని ఆయన స్వయంగా విశ్వసించారు.

ఈ జీవితంలో విద్యార్థులు గ్రహించవలసినది ఒక్కటే. ఆయన ప్రతిరాత్రి ఉత్సాహంతో బయలుదేరి ఉండరు. ఎంతటి సాధకునికైనా అలసట, విసుగు తప్పవు. అయినా బయలుదేరారు. భోజనం, నిద్ర వలె సాధన దినచర్యలో భాగమైతే, ఉత్సాహం ఉన్ననాడూ లేనినాడూ అది సాగుతుంది. బహుమతి కోసం చేసే పని బహుమతి ఆలస్యమైతే ఆగిపోతుంది. కర్తవ్యంగా చేసే పనికి ఆ భయం లేదు.

తెలుగునాటికి వెలుపల, తెలుగు మాధ్యమంలో విద్య గరపుతూ మన పాఠశాల 75 సంవత్సరాలు నిలిచినదంటే కారణం ఇట్టిదే. ఉత్సవాలు ఏ కొన్ని దినాలలోనో జరిగినవి. మిగిలిన దినాలలో గంట మ్రోగినది, ఉపాధ్యాయులు వచ్చారు, పిల్లలు అక్షరాలు దిద్దారు. ఈ వజ్రోత్సవానంతర శుభవేళ మన బాలబాలికలు తాము ఎన్నుకొన్న విద్య కరాటే కానీ, సంగీతం కానీ, గణితం కానీ, తమ మాతృభాష కానీ, దానిని రేపు కూడ, మనస్సు లేకపోయినా సరే, కొంతసేపు అభ్యసించెదరు గాక.