వీధికుక్కకు నీడనిచ్చిన పైలట్ – కెప్టెన్ వి. సుందరం

వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడాదీ ఒక మహనీయుని జీవితం వేయడం మన హాస్టల్ ఆనవాయితీ. అంబేడ్కర్, జ్యోతిరావు ఫూలే, జాషువా, భాగ్యరెడ్డి వర్మ గార్ల గురించి పాత సంచికల్లో చదివే ఉంటారు. ఈసారి మేము మద్రాసుకు చెందిన ఒక పైలట్ గారిని ఎంచుకున్నాము. ఆయన పేరు కెప్టెన్ వి. సుందరం. దిక్కులేని కుక్కలకు, పిల్లులకు, పశువులకు ఆశ్రయం కట్టిన మనిషి అని చెప్పగానే మా సంపాదకవర్గంలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. మన వంటశాల వెనక సాయంత్రం ఏడింటికి ఎన్ని కుక్కలు చేరతాయో గుర్తు చేశాక, సరే రాయండి అన్నారు.

సుందరం గారు 1916లో పుట్టారు. విమానం అంటే జనం తలెత్తి ఆశ్చర్యంగా చూసే రోజుల్లో ఆయన విమానం నడపడం నేర్చుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో ఆయనా, భార్య ఉషా సుందరం గారూ కలిసి నెహ్రూ, రాజేంద్రప్రసాద్, సర్దార్ పటేల్ వంటి నాయకులను విమానంలో తీసుకువెళ్ళేవారు. సంస్థానాలను దేశంలో కలిపే పనిమీద పటేల్ గారు చేసిన ప్రయాణాల్లో కొన్ని వీరి విమానంలోనే జరిగాయి. బెంగళూరు దగ్గర జక్కూరులోని ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూలుకు ఆయన ప్రిన్సిపాల్ గా పనిచేశారు. ఉష గారు 1949లో అక్కడే శిక్షణ పూర్తిచేశారు. స్వతంత్ర భారతంలో తొలి మహిళా పైలట్ గా ఆమెను చెప్పుకుంటారు. 1951లో మద్రాసు ప్రభుత్వం కొన్న డవ్ విమానాన్ని ఈ దంపతులు లండన్ నుంచి బొంబాయికి 27 గంటల్లో తెచ్చి రికార్డు నెలకొల్పారు. ఆడపిల్ల సైకిల్ తొక్కితేనే వింతగా చూసే కాలం అది. మన బాలికల హాస్టల్ చెల్లెళ్ళు ఉష గారి గురించి వేరే వ్యాసం రాయాలని మా కోరిక.

ఇంత పేరున్న మనిషి కుక్కల దగ్గరకు ఎలా వచ్చారు? 1959లో మద్రాసులో గట్టి వాన కురిసింది. త్యాగరాయ నగర్ వీధుల్లో నీళ్ళు నిలిచాయి. ఆ నీళ్ళలో కొట్టుకుంటున్న కుక్కపిల్లలు సుందరం గారి కంటపడ్డాయి. వాటిని తీసి ఇంటికి తెచ్చుకున్నారు. జరిగింది అంతే. ఒకరి ఇంట్లో కుక్కపిల్లలకు చోటు దొరికిందని తెలిస్తే మిగతావాళ్ళు ఊరుకుంటారా? కాలు విరిగినదీ, గజ్జి పట్టినదీ, తల్లి చచ్చిపోయినదీ ఆ గుమ్మానికి చేరసాగాయి. ఆ ఇల్లే ఆశ్రయమైంది. 1964లో ఆ పని బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా అనే పేరుతో సంఘంగా రిజిస్టరైంది. ఆయనతో పాటు ఉష గారూ, పిల్లలూ అందరూ ఆ పనిలో దిగారు. కుమారుడు చిన్నీ కృష్ణ గారు తండ్రి తర్వాత ఆ సంస్థను ముందుకు నడిపించారు. తరువాతి కాలంలో గిండీలో ఆసుపత్రి, ఆశ్రయం, అంబులెన్సులు వచ్చాయి.

ఇక్కడ ఒక విషయం వివరంగా చెప్పాలి. ఆ రోజుల్లో వీధికుక్కల విషయంలో మునిసిపాలిటీలకు తెలిసిన మార్గం ఒక్కటే, చంపడం. కుక్కల బండి వచ్చేది, పట్టుకుపోయేది. మద్రాసులో ఈ పద్ధతి 1860ల నాటి నుంచి ఉంది. కరెంటు పెట్టి చంపేవారు. మన ఊళ్ళలోనూ పెద్దవాళ్ళను అడగండి, ఉండల్లో విషం పెట్టి వేసిన రోజులు చెబుతారు. వంద సంవత్సరాలకు పైగా చంపినా మద్రాసులో కుక్కలు తగ్గలేదు, రేబిస్ పోలేదు. సుందరం గారి ఆశ్రయం ఈ పద్ధతికి ఎదురు నిలిచింది. చోటు లేదనో, ఎవరూ పెంచుకోవడం లేదనో ఆరోగ్యంగా ఉన్న ప్రాణిని చంపకూడదన్నది అక్కడి నియమం. ఇలాంటి వాటినే ఇప్పుడు నో కిల్ షెల్టర్లు అంటున్నారు.

చంపకపోతే మరి కుక్కలు పెరిగిపోవా? మా రూములో కూడా ఈ ప్రశ్నే వచ్చింది. ఆడకుక్క సుమారు 63 రోజులు మోస్తుంది, ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు. ఎన్ని గోడలు కట్టినా ఏ ఆశ్రయమూ వీధికుక్కలన్నిటికీ సరిపోదు. ఈ లెక్క సుందరం గారి కుటుంబానికి మొదట్లోనే అర్థమైంది. అందుకే 1964లోనే వేరే దారి ప్రతిపాదించారు. కుక్కను పట్టుకోవాలి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, గుర్తుగా చెవి అంచు కొంచెం కత్తిరించాలి, పట్టుకున్న వీధిలోనే మళ్ళీ వదలాలి. ఆ చివరి మాట దగ్గరే అందరికీ కోపం వస్తుంది. మళ్ళీ మా వీధిలోనే ఎందుకు వదలాలని అడుగుతారు. వీధిలో చెత్తకుప్ప ఉన్నంతకాలం ఆ తిండికి కుక్క రాక తప్పదు. పాతదాన్ని తీసేస్తే ఆ ఖాళీలోకి టీకా లేని కొత్త కుక్క వస్తుంది. టీకా వేసుకున్న పాత కుక్క కొత్తదాన్ని రానివ్వదు, తాను పిల్లలను పెట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 1990లో, కుక్కలను ఏరివేయడం వల్ల వాటి సంఖ్య గానీ రేబిస్ గానీ తగ్గడం లేదని తేల్చింది.

కార్పొరేషన్ ఈ మాట వినడానికి ఎన్నేళ్ళు పట్టిందో చూడండి. 1964లో చెప్పింది 1996లో ఒప్పుకున్నారు. ముప్ఫై రెండేళ్ళు! అన్నేళ్ళూ ఒక పక్క కుక్కల బండి తిరుగుతూనే ఉంది, మరో పక్క సుందరం గారి మనుషులు ఆపరేషన్లు చేయిస్తూనే ఉన్నారు. మాకైతే ఆయన 27 గంటల విమాన రికార్డు కన్నా ఈ ముప్ఫై రెండేళ్ళ ఓపికే పెద్దదనిపిస్తుంది. మద్రాసు కార్పొరేషన్ దారి మార్చుకున్న మరుసటి ఏడాది, 1997లో, ఆయన కన్నుమూశారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఆ నగరంలో రేబిస్ మరణాలు బాగా తగ్గాయి. 2001లో కేంద్ర ప్రభుత్వం ఇదే పద్ధతిని దేశమంతటికీ నియమాలుగా చేసింది, 2023లో వాటిని సవరించి కొత్తగా ప్రకటించింది. మన హైదరాబాదులో అక్కినేని అమల గారు 1992లో బ్లూ క్రాస్ స్థాపించారు. అది వేరే సంస్థే అయినా దారి ఇదే.

మనుషులకే సరైన నీడ లేని దేశంలో కుక్కలకు ఆశ్రయాలా అని మనలో కొందరికి అనిపించవచ్చు. అలా అనుకోవడం తప్పని మేము అనము. ఒక రూములో పాతికమంది ట్రంకు పెట్టెల మధ్య పడుకున్న పూర్వ విద్యార్థులు ఈ సంచిక చదువుతారు. ఊరికి దూరంగా ఉంచడం, వాకిట్లోంచి తరిమేయడం ఎలా ఉంటుందో మన ఇళ్ళలో కొత్తగా చెప్పనక్కరలేదు. పైగా కుక్క కాటుకు బలయ్యేది ఎక్కువగా మనలాంటి వాళ్ళే. కారులో పోయేవారిని కుక్క కరవదు. నడిచి బడికి పోయే పిల్లవాణ్ణి, తెల్లవారుజామున రోడ్లు ఊడ్చే అమ్మను కరుస్తుంది. అందువల్ల రేబిస్ టీకా వేసిన కుక్క మన వీధిలో ఉండడం కుక్కకు ఎంత అవసరమో మనకు అంతకన్నా ఎక్కువ అవసరం.

2025లో ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించాలని ఆగస్టు 11న ఆదేశం వచ్చింది. ఆగస్టు 22న దాన్ని సవరించి, రేబిస్ ఉన్నవి, మీదపడి కరిచేవి తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక పట్టుకున్న చోటే వదలమన్నారు. నవంబరు 7న మాత్రం విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను తీసి ఆశ్రయాల్లో ఉంచాలని, తిరిగి అక్కడ వదలవద్దని ఆదేశించారు. అన్ని కుక్కలకు ఆశ్రయాలు ఎక్కడున్నాయి, వాటికి రోజూ తిండి ఎవరు పెడతారు? సుందరం గారు లెక్క వేసింది ఈ ప్రశ్ననే.

మన వంతు పని చిన్నది. మెస్ లో మిగిలిన ఎంగిలి అన్నం గోడవతల పారబోయకుండా మూత ఉన్న డ్రమ్ములో వేస్తే వెనకగోడ దగ్గర గుంపు తగ్గుతుంది. ఈ సంగతి వంటమనిషి, కామాటి గార్లతో మాట్లాడాము, డ్రమ్ముల కోసం వార్డెన్ గారికి అర్జీ పెట్టాము. తమ్ముళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కుక్క కరిస్తే పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. తిడతారని భయపడి దాచవద్దు. పావుగంట సేపు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో గాయం కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. టీకా అక్కడ ఉచితం. చీటీ మీద రాసిన తేదీల్లో ఒక్కటీ తప్పకూడదు, పరీక్షలున్నా సరే. తోడు రావడానికి సీనియర్ల పేర్లు నోటీసు బోర్డు మీద రాసి పెట్టాము.