తిరిగే పళ్ళెం: ఎమిల్ బెర్లినర్ జీవితం

ఇంటికి మొదటి గ్రామఫోను కొనబోయిన గృహస్థుడు అంగడిలో పెట్టె నగిషీని చూచి మురిసేవాడు; బాకా ఎంత పెద్దదో చూచి ఆశ్చర్యపడేవాడు. తెలిసినవాడు మాత్రం ముందుగా పళ్ళెం వంక చూచేవాడు. పళ్ళెం మందగిస్తే శ్రుతి దిగిపోతుంది, త్వరపడితే హెచ్చిపోతుంది. ఒకే వేగంతో తిరిగే పళ్ళెం లేనిదే ఎంతటి గాయకుని పాటయినా అపస్వరమే. ఈ చిన్న సత్యాన్ని సాధించడానికి ఒక మనిషి సుమారు పదేళ్ళు శ్రమించాడు. ఆయనే ఎమిల్ బెర్లినర్.

బెర్లినర్ 1851 మే 20వ తేదీన జర్మనీలోని హానోవర్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తల్లి సంగీతం ఎరిగిన ఇల్లాలు. కుటుంబం పెద్దది, సంపాదన చిన్నది. అందుచేత పదునాలుగవ ఏటనే అతని బడిచదువు ముగిసింది. ముద్రణాలయంలోనూ, బట్టల దుకాణంలోనూ పనిచేసి, 1870లో అమెరికా చేరుకున్నాడు. పగలు పొట్టకూటి కోసం పని, రాత్రి న్యూయార్కులోని కూపర్ సంస్థలో శాస్త్రపాఠాలు. ఒక రసాయనశాలలో సీసాలు కడిగే పనికి కూడా అతడు సిగ్గుపడలేదు.

టెలిఫోనులో మాట స్ఫుటంగా వినిపించని ఆ తొలిరోజుల్లో, 1877లో, ఆయన మాటను విద్యుత్తుగా మార్చే నూతన సాధనాన్ని కల్పించాడు. బెల్ కంపెనీ దాని హక్కులను కొని, ఆయనకు ఉద్యోగమిచ్చింది. జీవితం స్థిరపడింది, కాని మనసు పాట మీదికి మళ్ళింది.

అప్పటికే ఎడిసన్ ఫోనోగ్రాఫు ఉన్నది. అందులో పాట గొట్టం మీద నిలిచేది. అయితే గొట్టానికి నకళ్ళు తీయడం ఆనాడు దుస్సాధ్యం. నూరు గొట్టాలు కావలసివస్తే గాయకుడు కొన్ని యంత్రాల ఎదుట నిలిచి అదే పాటను మళ్ళీ మళ్ళీ పాడవలసివచ్చేది. బెర్లినర్ గొట్టాన్ని విడిచి బిళ్ళను ఎన్నుకున్నాడు. మైనం పూసిన తుత్తునాగపు రేకు మీద ముల్లు ఇటూ అటూ కదులుతూ గీత గీస్తుంది. ఆ గీతను ఆమ్లం తింటే గాడి ఏర్పడుతుంది. ఆ రేకు నుంచి లోహపు అచ్చు తీస్తే పుస్తకం ముద్రించినట్లే పాటను ముద్రించవచ్చు. 1887లో దీనికి పేటెంటు లభించింది. మరుసటి ఏడు మే నెలలో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ సంస్థలో పండితుల ఎదుట ఆయన దానిని ప్రదర్శించాడు.

అయినా లోకం దానిని ఆటబొమ్మగానే చూచింది. జర్మనీలో మొదట అమ్మినవి నిజంగా ఆటబొమ్మలే. పళ్ళాన్ని చేతితో తిప్పాలి. చేయి అలసితే పాటా అలసేది. 1896లో కామ్డెన్ పట్టణపు యంత్రశిల్పి ఎల్డ్రిడ్జ్ జాన్సన్, కీ ఇస్తే సమవేగంతో తిరిగే స్ప్రింగు మోటారును తయారుచేసి ఇచ్చాడు. నాటితో బొమ్మ వాద్యమైనది. రికార్డులకు లక్క కలిపిన ముద్ద కుదిరింది. ఆ లక్కలో అధికభాగం మన దేశపు అడవుల నుంచే వెళ్ళేది.

ఫలం చేతికందే వేళకు చెట్టే పరులపాలైనది. విక్రయ ప్రతినిధితో వచ్చిన తగవు న్యాయస్థానానికెక్కింది. 1900లో ఆయన తన యంత్రాన్ని తాను అమెరికాలో అమ్ముకోరాదన్న ఉత్తర్వు వెలువడింది. బెర్లినర్ కుంగిపోలేదు, కెనడాలోని మాంట్రియల్ నగరంలో పని కొనసాగించాడు. ఆయన వద్ద పని నేర్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్, లండన్ గ్రామఫోను కంపెనీ పక్షాన 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గానాన్ని రికార్డు చేశాడు. కాలక్రమాన ఆ బిళ్ళల మీదనే మన నాటకపద్యాలు పల్లెపల్లెకూ చేరాయి.

తరువాత బెర్లినర్ పసిబిడ్డలకు కాచిన, పరిశుభ్రమైన పాలు అందాలని ప్రచారం చేశాడు. తల్లి పేర స్త్రీల శాస్త్రపరిశోధనకు వేతనం నెలకొల్పాడు. 1929 ఆగస్టు 3న వాషింగ్టన్‌లో కన్నుమూశాడు.

ఆయన తరువాత కీ పోయి కరెంటు వచ్చింది. లక్క పోయి ప్లాస్టిక్కు వచ్చింది. నేడు మళ్ళీ రికార్డుల మీద మోజుతో తొలి టర్న్‌టేబుల్ కొనే యువకుడు కూడా పెట్టె మెరుగును గాక మూడు సంగతులు చూడాలి: పళ్ళెం సమవేగంతో తిరగాలి, అడుగు కదలక సమంగా నిలవాలి, ముల్లు గాడి మీద తగినంత తేలికగా ఆనాలి. చేతితో పళ్ళెం తిప్పిన ఆ తొలినాళ్ళలో బెర్లినర్‌కు ఎదురైన పరీక్ష కూడా ఇదే.